ఇకపై మా షాపులో ఫ్లాట్ టాపెట్ క్యామ్ వెయ్యం: ఇంజన్లు ఎందుకు ఆలస్యమయ్యాయో పూర్తిగా చెబుతున్నాను

మన దగ్గర ఇంజన్ పని బుక్ చేసుకున్న వాళ్ళందరికీ నమస్కారం. ఈ సీజన్‌లో ఇస్తామన్న షెవ్రొలే బిగ్‌బ్లాక్ (పెద్ద వీ8) ఇంజన్లన్నీ ఆలస్యమవుతున్నాయి. కారణం క్యామ్, అంటే ఉబ్బెత్తులతో (లోబ్‌లతో) ఇంజన్ వాల్వుల్ని తెరిచే ఇరుసు. ఫ్లాట్ టాపెట్ అంటే ఆ లోబ్‌ల మీద చదునైన అడుగుతో రాసుకునే ముక్కలున్న రకం, ఆ ముక్కల్నే టాపెట్లు, లిఫ్టర్లు అంటాం. డాలస్ చుట్టుపక్కల పాత షెవెల్, కమారో కార్లు కొనుక్కున్న మన తెలుగువాళ్ళు చాలామంది ఏళ్ళ తరబడి నా మీద నమ్మకంతో బ్లాకులు తెచ్చి పెట్టి వెళ్తున్నారు. ఫోన్‌లో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెబితే చివరికి నలుగురికి నాలుగు కథలు చేరతాయి. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఇబ్బంది వచ్చింది 1970 షెవెల్ కోసం కట్టిన 496 ఇంజన్‌తో. పాత 454 బ్లాకుని 60 థౌ (అంగుళంలో 60 వెయ్యో వంతులు) బోరు కొట్టించి, 4.25 అంగుళాల స్ట్రోక్ క్రాంక్ వేస్తే వచ్చేది 496 క్యూబిక్ అంగుళాలు. ఈ కాంబినేషన్ మాకు కొత్త కాదు. హెడ్ బిగించినప్పుడు సిలిండర్ ఎలా వంకర తిరుగుతుందో అలాగే ఉండేలా టార్క్ ప్లేట్ బిగించి హోనింగ్ (సిలిండర్ లోపలి గోడని సానబట్టడం) చేస్తాం. ఫోర్జ్డ్ పిస్టన్లు, అల్యూమినియం హెడ్లు, బంకులో దొరికే 93 ఆక్టేన్‌కి సరిపడే కంప్రెషన్. ఇదంతా మీకు తెలిసిందే, వదిలేస్తున్నాను.

కారు యజమాని కోరుకున్నది సాలిడ్ (గ్యాప్ చేత్తో సెట్ చెయ్యాల్సిన) ఫ్లాట్ టాపెట్ క్యామ్. 1970లో ఎల్‌ఎస్6 అనే ఫ్యాక్టరీ 454 ఇంజన్‌తో వచ్చిన షెవెల్‌లో అదే ఉండేది. 11.25 కంప్రెషన్, హోలీ కార్బురేటర్, ఫ్యాక్టరీ చెప్పిన 450 హార్స్‌పవర్. ఆ టాపెట్ల టకటకే ఆ కారుకి అందం అన్నారు. నాకూ అది ఇష్టమే, కాదనలేదు.

క్యామ్, లిఫ్టర్లు నేను ఎన్నో ఏళ్ళుగా కొంటున్న సప్లయర్ దగ్గరే తెప్పించాను. లిఫ్టర్ అంటే క్యామ్ లోబ్ మీద ఆనుకుని, పైన పుష్‌రాడ్‌ని (వాల్వు వైపు కదలికని చేర్చే కడ్డీని) నెట్టే ఇనుప ముక్క. దాని అడుగు చూపుకి చదునుగా కనిపిస్తుంది గానీ చదును కాదు. నడుమ వెంట్రుకవాసి ఎత్తు ఉంటుంది. లోబ్ కూడా కాస్త ఏటవాలుగా గ్రైండ్ చేసి ఉంటుంది. ఈ రెండూ కలిస్తేనే లిఫ్టర్ తన బోరులో తను తిరుగుతూ పనిచేస్తుంది. తిరగడం ఆగిందా, ఒకేచోట రాసుకుని నిమిషాల్లో అరిగిపోతుంది. అందుకే మా దగ్గర కొత్త లిఫ్టర్లు రాగానే రెండేసి తీసుకుని అడుగుకి అడుగు ఆనించి చూస్తాం. ఎత్తు సరిగా ఉంటే ఒకదాని మీద ఒకటి అటూ ఇటూ ఊగుతాయి. చదునుగా ఉంటే అతుక్కున్నట్టు కదలకుండా కూర్చుంటాయి. ఈ సెట్‌లో పదహారూ ఊగాయి. ఇన్‌టేక్ బిగించకముందు క్రాంక్ చేత్తో తిప్పుతూ, లిఫ్టర్ల మీద మార్కర్‌తో గీత పెట్టి చూశాం. పదహారూ తిరిగాయి.

తర్వాత డైనో (ఇంజన్ శక్తి కొలిచే యంత్రం) మీద బ్రేక్-ఇన్, అంటే కొత్త క్యామ్, లిఫ్టర్లు ఒకదానికొకటి సర్దుకునేలా మొదటిసారి నడపడం. వాల్వులకి లోపలి స్ప్రింగ్ తీసేసి, బయటిదే ఉంచాం, లోబ్ మీద బరువు తగ్గడానికి. జింక్, ఫాస్ఫరస్ ఎక్కువున్న బ్రేక్-ఇన్ ఆయిల్ పోశాం. స్టార్ట్ అయిన క్షణం నుంచి ఐడిల్‌కి దించకుండా 2,000కీ 2,500 ఆర్‌పీఎంకీ మధ్య పైకీ కిందికీ మారుస్తూ నడిపాం. ఫ్లాట్ టాపెట్ క్యామ్‌కి ఆయిల్ ప్రధానంగా క్రాంక్ చిమ్మే తుంపర వల్లే అందుతుంది కాబట్టి, మొదటి అరగంట ఐడిల్‌లో పెట్టడమంటే క్యామ్‌ని చంపుకోవడమే.

బ్రేక్-ఇన్ అయ్యాక, పవర్ పుల్ (పూర్తి శక్తి పరీక్ష) చెయ్యకముందే, ఆయిల్ దించి ఫిల్టర్ కోసి చూడడం మా అలవాటు. కాగితం మడతల్లో సన్నటి నల్లటి పొడి మెరుస్తోంది. అయస్కాంతం పెడితే అంటుకుంది. బేరింగ్ పొడి అయితే అంటుకోదు, ఇది ఇనుము. టాపెట్ గ్యాప్‌లు (వాల్వు దగ్గర వదిలే సందులు) చూస్తే పదిహేను సరిగ్గా ఉన్నాయి. ఒక ఎగ్జాస్ట్ వాల్వు దగ్గర మాత్రం 22 థౌ ఉండాల్సింది 50 దాటిపోయింది. ఇన్‌టేక్ విప్పి ఆ లిఫ్టర్ బయటికి లాగాను. అడుగు ప్రమిదలాగా గుంటపడి ఉంది. దాని కింద లోబ్ కొస గుండ్రంగా అరిగిపోయింది.

సప్లయర్‌కి ఫోన్ చేశాను. ఫొటోలు పంపాను, కొలతలు పంపాను. అవతలి వ్యక్తి అడిగిన మొదటి ప్రశ్న: "బ్రేక్-ఇన్ ఎలా చేశారు?" ఏ ఆయిల్, ఏ స్ప్రింగులు, ఎంత ఆర్‌పీఎం, అన్నీ డైనో రికార్డుతో సహా చూపించాను. అయినా మాట మారలేదు. "సాధారణంగా ఇది బ్రేక్-ఇన్ తేడా వల్లే వస్తుంది" అన్నారు. నేను విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మిషన్ల మధ్య పని నేర్చుకున్నవాణ్ణి. డీజిల్ లారీ క్రాంకులు గ్రైండ్ చేస్తూ పెరిగాను. క్యామ్ ఎలా కూర్చోబెట్టాలో నాకు ఎవరూ ఫోన్‌లో నేర్పక్కర్లేదు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది, ఇప్పటికీ బాధగానే ఉంది.

ఆ బాధతోనే నా సొంత ఖర్చుతో పాడైన లిఫ్టర్‌ని, అదే బ్యాచ్‌లో ఇంకా వాడని లిఫ్టర్లని లోహాల ల్యాబ్‌కి పంపించాను. వాడనివాటిలోనే గట్టితనం ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంది. ఒకే పెట్టెలోంచి తీసినవి ఇవి. మెత్తగా ఉన్న లిఫ్టర్‌కి ఎంత మంచి ఆయిల్ పోసినా, ఎంత పద్ధతిగా నడిపినా అరగక తప్పదు. ఆ రిపోర్టు పంపితే సప్లయర్ క్యామ్, లిఫ్టర్ల డబ్బు వెనక్కిచ్చారు. అంతే. ఆ ఇనుపపొడి ఆయిల్‌తో పాటు ఇంజనంతా తిరిగింది. మళ్ళీ మొత్తం విప్పి, బ్లాక్ కడిగి, క్రాంక్ పాలిష్ చేసి, బేరింగులు, ఆయిల్ పంపు కొత్తవి వెయ్యాలి. దానికి పైసా ఇవ్వరట, లేబర్ వారంటీలో లేదట. ఆ ఖర్చంతా షాపే పెట్టుకుంది. కారు యజమాని దగ్గర ఒక్క డాలరు కూడా తీసుకోలేదు. ఆ సప్లయర్ దగ్గర ఇక క్యామ్ కొనను, రేటు తగ్గించినా కొనను.

అసలు నాకు నిద్ర పట్టకుండా చేసింది ఆ తర్వాతి నిర్ణయం. వేరే సప్లయర్ దగ్గర ఫ్లాట్ టాపెట్ లిఫ్టర్లు కొనాలా, లేక మొత్తానికే మానేసి రోలర్‌కి (అడుగున చక్రం ఉండి, లోబ్ మీద దొర్లే లిఫ్టర్లకి) వెళ్ళిపోవాలా?

కార్ల కంపెనీలు 1980ల నుంచే రోలర్ లిఫ్టర్లకి మారిపోవడం మొదలుపెట్టాయి. ఫ్లాట్ టాపెట్ లిఫ్టర్లు ఇప్పుడు చాలావరకు మనలాంటి పాత ఇంజన్ల వాళ్ళ కోసమే తయారవుతున్నాయి. తయారుచేసేవాళ్ళూ తగ్గిపోయారు. పైగా క్యాటలిటిక్ కన్వర్టర్లు పాడవకుండా 2004లో వచ్చిన ఏపీఐ ఎస్‌ఎమ్ అనే ఇంజన్ ఆయిల్ ప్రమాణంతో మామూలు ఆయిల్‌లో, లోబ్‌ని అరగకుండా కాపాడే ఫాస్ఫరస్ ఇంకా తగ్గించారు. ఆయిల్ సంగతి మన చేతిలో పని, సరైనది కొనుక్కుంటాం. లిఫ్టర్ అడుగు ఎత్తు కూడా మన చేతిలో పనే, కొలుచుకుంటాం. గట్టితనం మాత్రం కాదు. గట్టితనం కొలిచే రాక్‌వెల్ పరీక్ష చెయ్యాలంటే లిఫ్టర్ ముఖం మీద చిన్న గుంట పెట్టాలి. గుంట పడ్డ లిఫ్టర్‌ని ఇంజన్‌లో వెయ్యలేం. అంటే వేసే ప్రతి లిఫ్టర్‌నీ నమ్మి వెయ్యడమే తప్ప, పరీక్షించి వేసే దారి నా షాపులో లేదు. పదహారింటిలో ఒక్కటి మెత్తదైనా ఇంజన్ మొత్తం పోతుంది. నేను చూడలేని దానికి నా షాపు పేరు పెట్టి మీ చేతికి ఇవ్వలేను. అందుకే మానేస్తున్నాను.

అడుగున ఆయిల్ రంధ్రం పెట్టిన లిఫ్టర్లు, పైపూత వేసిన ఖరీదైన లిఫ్టర్లు ఉన్నాయని మీలో ఇద్దరు ముగ్గురు చెప్పారు. ఉన్నాయి, కొన్ని మంచివే. కానీ అంత డబ్బు పెట్టేటప్పుడు రోలర్‌కే పెట్టడం మేలని నా అభిప్రాయం. ఈ విషయంలో నన్ను మార్చాలని చూడకండి.

రోలర్ అంటే క్యామ్ తీసి క్యామ్ వేసే పని కాదు. ఫ్లాట్ టాపెట్‌లో లోబ్ ఏటవాలే క్యామ్‌ని వెనక్కి నెట్టి పట్టి ఉంచుతుంది. రోలర్ లోబ్‌కి ఆ వాలు ఉండదు. ఈ పాత బిగ్‌బ్లాక్‌లో క్యామ్‌ని ఆపే ప్లేటు ఫ్యాక్టరీ పెట్టలేదు. కాబట్టి ముందు థ్రస్ట్ బటన్ (క్యామ్ ముందుకి జరగకుండా ఆపే ముక్క) పెట్టి, టైమింగ్ కవర్ వంగకుండా చూసి, ఆట కొలిచి సెట్ చెయ్యాలి. రోలర్ లిఫ్టర్ పొడవు కాబట్టి పుష్‌రాడ్లు పొట్టివి కొలిచి తెప్పించాలి. క్యామ్ స్టీల్‌ది కాబట్టి దానికి సరిపడే డిస్ట్రిబ్యూటర్ గేర్ వెయ్యాలి, లేకపోతే పాత గేరు పళ్ళు తినేస్తుంది. స్ప్రింగులు మారతాయి. ఆలస్యంలో ఎక్కువ భాగం ఈ సామాను కోసమే. రోడ్డు మీద తిరిగే కార్లకి హైడ్రాలిక్ రోలరే (ఆయిల్ ఒత్తిడితో గ్యాప్ తనే సర్దుకునేది) వేస్తాం. సాలిడ్ రోలర్ ఎక్కువసేపు ఐడిల్‌లో ఉంటే లోపలి సూది బేరింగులకి ఆయిల్ చాలదు, డాలస్ ట్రాఫిక్‌లో అది నాకు టెన్షన్.

ఆ 496 మళ్ళీ కట్టి డైనో మీద నడిపాం. 6,000 ఆర్‌పీఎం దగ్గర 612 హార్స్‌పవర్, 4,400 దగ్గర 598 పౌండ్-అడుగుల టార్క్. ఫిల్టర్ కోస్తే శుభ్రంగా ఉంది. ఈ అంకె విని "ఫలానా షాపులో ఇదే ఇంజన్‌కి 640 దాకా వచ్చిందట కదా" అని ఒకరు అడిగారు. మేము ఎస్‌ఏఈ జె1349 సవరణతో (గాలి పరిస్థితిని బట్టి అంకెని సరిచేసే పద్ధతితో) అంకె ఇస్తాం, అంటే 77 డిగ్రీల ఫారెన్‌హీట్ గాలికి లెక్క. చాలామంది 60 డిగ్రీల చల్లటి గాలికి లెక్కగట్టే ఎస్‌టీపీ పద్ధతి వాడతారు. ఇంజన్ అదే అయినా అంకె దాదాపు 4 శాతం ఎక్కువ కనిపిస్తుంది. మా 612 ఆ లెక్కలో 636. కాగితం మీద పెద్ద అంకె కావాలంటే నేనూ ఒక బటన్ నొక్కి ఇవ్వగలను, ఇవ్వను. ఇంకో మాట, ఫ్యాక్టరీ వాళ్ళ 450 గ్రాస్ లెక్క (ఫ్యాను, ఆల్టర్నేటర్ లాంటివి లేకుండా కొలిచింది), 1972 మోడళ్ళ నుంచే నెట్ లెక్కకి (అవన్నీ బిగించి కొలిచేదానికి) మారారు. మన డైనోలో కూడా ఫ్యాను, ఆల్టర్నేటర్, కారు సైలెన్సర్ ఉండవు. చక్రాల దగ్గర ఇంతకన్నా తక్కువే వస్తుంది. కారు తీసుకెళ్ళి వేరే డైనో ఎక్కించి కంగారు పడకండి.

ఇక మీకు వర్తించే సంగతులు. ఫ్లాట్ టాపెట్ ఇంజన్ బుక్ చేసుకుని క్యూలో ఉన్నవాళ్ళకి రోలర్ సామాను మాకు పడిన ధరకే వేస్తాను, దాని మీద లాభం తీసుకోను, అదనపు లేబర్ కూడా తీసుకోను. అయినా ఖర్చు పెరుగుతుంది, ఎవరికెంతో విడిగా రాసి పంపుతాను. వద్దనుకునేవాళ్ళు అడ్వాన్స్ మొత్తం వెనక్కి తీసుకోవచ్చు. అప్పటిదాకా అయిన మెషినింగ్‌కి మాత్రం డబ్బు పట్టుకుంటాను.

ఎల్‌ఎస్6ని నట్టూ బోల్టూ సహా ఫ్యాక్టరీలాగే కావాలనేవాళ్ళ పని ఇక తీసుకోను. మీకు వేరే మంచి షాపు చెబుతాను. మీలో కొందరు పాత స్నేహితులు, వెళ్ళిపోతారని తెలుసు. కష్టంగానే ఉంది.

ఇంతకుముందు మా దగ్గర ఫ్లాట్ టాపెట్ ఇంజన్ చేయించుకుని కొన్ని వేల మైళ్ళు తిరిగినవాళ్ళు భయపడక్కర్లేదు, ఆ క్యామ్‌లు నిలదొక్కుకున్నాయి. జింక్ ఉన్న ఆయిల్ మాత్రం మానకండి. ఎప్పుడైనా లిఫ్టర్లు బయటికి తీస్తే ఏ లోబ్‌దాన్ని ఆ లోబ్ మీదే తిరిగి పెట్టాలి, కలిసిపోకూడదు. ఆయిల్ మార్చే రోజు కారు షాపుకి తెస్తే ఫిల్టర్ కోసి, టాపెట్ గ్యాప్‌లు చూసి పంపుతాను. డబ్బులు తీసుకోను. శనివారాలు ఉదయం పదకొండులోపు రండి, మధ్యాహ్నం డైనో నడుస్తుంటుంది, అప్పుడు నేను ఫోన్ కూడా ఎత్తను.