బ్లూ కట్ అద్దాలు పిల్లల నిద్రను కాపాడలేవు

సంపాదకుడు గారికి నమస్కారం.

పదో తరగతి, ఇంటర్ పరీక్షలు దగ్గరపడుతున్నాయంటే కళ్లజోళ్ల దుకాణాల్లో నీలి కాంతిని ఆపుతాయని చెప్పే ‘బ్లూ కట్’ అద్దాల గురించి అడిగే తల్లిదండ్రులు పెరుగుతారు. ఫోన్ వెలుతురుకు పిల్లల రెటీనా (కంటి వెనక భాగంలో వెలుతురును గ్రహించే పొర) పాడైపోతుందని, ఈ అద్దాలు పెట్టిస్తే కళ్లూ బాగుంటాయి, నిద్రా బాగుంటుందని వాళ్లకు చెబుతున్నారు. మొదటి మాట తప్పు, రెండో మాటకు గట్టి ఆధారం లేదు. పిల్లలకు జరిగే అసలు నష్టం వేరే ఉంది. దాన్ని ఆపడానికి అంత డబ్బు పోయనక్కర్లేదు కూడా.

దుకాణంలో చేసి చూపించే పరీక్ష సంగతి ముందు చెప్పాలి. చిన్న లేజర్ పెన్నుతో ఒక కార్డు మీద వెలుగు వేస్తారు. మామూలు అద్దం అడ్డం పెడితే కార్డు మీద మచ్చ పడుతుంది, బ్లూ కట్ అద్దం పెడితే పడదు. చూసినవాళ్లు వెంటనే నమ్ముతారు. కానీ కాంతి రంగును దాని తరంగం పొడవును బట్టి నానోమీటర్లలో చెబుతారు. ఆ పెన్నులు చాలావరకు 405 నానోమీటర్ల ఊదా కాంతినిచ్చేవి. ఫోన్లలో, ఎల్ఈడీ బల్బుల్లో ఉండే నీలి కాంతి 450 దగ్గర ఎక్కువ. ఇక నిద్రను ఆలస్యం చేసేది ప్రధానంగా 480 పరిసరాల్లోని కాంతి. మార్కెట్లో విరివిగా దొరికే ‘యూవీ 420’ రకం అద్దం పేరులో ఉన్నట్టే 420 లోపు కాంతిని ఆపుతుంది, ఆ పైదాన్ని చాలావరకు వదిలేస్తుంది. 450 నుంచి 480 దాకా గట్టిగా ఆపాలంటే అద్దం ముదురు పసుపుగానో నారింజగానో కనిపించి తీరాలి. తెల్లగా ఉంటూనే నిద్రను కాపాడే అద్దం ఉండదు. కాబట్టి ఆ పెన్ను పరీక్ష చూసి డబ్బు కట్టొద్దు.

2023లో వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ ఈ అద్దాలపై జరిగిన 17 ప్రయోగాలను కలిపి పరిశీలించింది. స్వల్పకాలంలో కంటి అలసట తగ్గడంలో మామూలు అద్దాలకూ వీటికీ తేడా ఉండకపోవచ్చని తేల్చింది. నిద్ర విషయంలో ఫలితాలు ఒక దారిలో లేవు. బ్రిటన్‌లోనైతే ఈ అద్దాలపై తప్పుదారి పట్టించే ప్రకటన ఇచ్చినందుకు ఒక పెద్ద కళ్లద్దాల సంస్థకు 2017లో 40,000 పౌండ్ల జరిమానా పడింది.

రెటీనా భయం గురించి రెండు మాటలు. నీలి కాంతి మరీ తీవ్రంగా ఉంటే రెటీనాను దెబ్బతీస్తుందన్నది నిజమే. గ్రహణం రోజు సూర్యుణ్ణి నేరుగా చూసినవాళ్లకు చూపు పోవడం వెనక ఉన్నది ప్రధానంగా ఈ రసాయన చర్యే. కామెర్లు వచ్చిన పసికందులను నీలి దీపాల కింద పడుకోబెట్టినప్పుడు కళ్లకు గంతలు కట్టేది కూడా అందుకే. కానీ ఎండలో ఆరుబయట వెలుతురు లక్ష లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాకా ఉంటుంది. ముఖానికి అడుగు దూరంలో పట్టుకున్న ఫోన్ నుంచి కంటికి చేరేది కొన్ని పదుల లక్స్ మాత్రమే. ఆ వెలుతురుకు రెటీనా పాడవదు.

మరి నిద్ర ఎందుకు చెడుతోంది? రెటీనాలో కొన్ని నాడీకణాలు బొమ్మను చూడటానికి కాకుండా బయట పగలా రాత్రా అని మెదడుకు తెలపడానికి పనిచేస్తాయి. 2002లో వీటి పనితీరు బయటపడింది. వాటిలోని మెలనాప్సిన్ అనే పదార్థం నీలి కాంతికి ఎక్కువగా స్పందిస్తుంది. రాత్రి పూట ఆ కాంతి పడితే నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ అనే హార్మోను ఆలస్యంగా ఊరుతుంది. ఇక్కడ అందరూ ఫోన్‌నే తిడతారు గానీ, నెత్తిమీద వెలిగే 6500 కెల్విన్ల (ఈ అంకె పెరిగేకొద్దీ వెలుతురులో నీలి ఛాయ ఎక్కువ) తెల్లని ట్యూబులైటును ఎవరూ పట్టించుకోరు. గది నిండా పరుచుకునే దాని వెలుతురు చాలాసార్లు ఫోన్ వెలుతురును మించి ఉంటుంది.

నిపుణులు 2022లో సూచించిన లెక్క ప్రకారం, పడుకోవడానికి మూడు గంటల ముందు నుంచి కంటికి చేరే వెలుతురు, మెలనాప్సిన్ స్పందనను బట్టి కొలిస్తే, 10 లక్స్ దాటకూడదు. నిద్రపోయే గదిలో 1 దాటకూడదు. పగలు మాత్రం కనీసం 250 ఉండాలి.

ఇంట్లో ఇది సాధించడం కష్టం కాదు. రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది తర్వాత పైనున్న ట్యూబులైటు ఆపేసి, డబ్బా మీద ‘వార్మ్ వైట్’, 2700 లేదా 3000 కెల్విన్ అని రాసి ఉన్న బల్బుతో టేబుల్ ల్యాంపు వెలిగించాలి. దాని మూత పుస్తకం వైపు వంగి ఉండాలి, బల్బు నేరుగా కంటికి కనిపించకూడదు. చదువుకు కావలసిన వెలుతురు పేజీ మీద పడుతుంది, కంట్లో పడేది తగ్గుతుంది. చాలా ఇళ్లలో పడకగదిలో నీలి రంగు జీరో బల్బు ఉంటుంది. దాని వెలుతురు కొంచెమే అయినా, రంగు మాత్రం రాత్రికి పనికిరానిదే. ఎర్ర బల్బు అదే ధరకు వస్తుంది, అసలు ఆపేస్తే ఇంకా మంచిది.

ఫోన్‌లో నైట్ లైట్ పెట్టి తెర పసుపుగా మారిందని నిశ్చింతగా ఉండటం ఇంకో పొరపాటు. వెలుతురు అంతే ఉంచి రంగు ఒక్కటి మారిస్తే లాభం స్వల్పం. ముందు బ్రైట్‌నెస్ బాగా దించాలి. అప్పటికీ ఎక్కువనిపిస్తే ఆండ్రాయిడ్‌లో ఎక్స్‌ట్రా డిమ్, ఐఫోన్‌లో రెడ్యూస్ వైట్ పాయింట్ ఉన్నాయి. పక్క మీద పడుకుని ముఖానికి అరచేయంత దూరంలో పట్టుకుంటే ఈ జాగ్రత్తలన్నీ వృథా. దూరం సగమైతే కంటికి చేరే వెలుతురు నాలుగింతలకు దగ్గరగా పెరుగుతుంది. పైగా రీల్స్ చూస్తూ మేలుకుని ఉండటాన్ని ఏ ఫిల్టరూ ఆపలేదు. పదమూడేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి.

కళ్ల మంట, నీరు కారడం, సాయంత్రానికి తలనొప్పి ఉంటే వాటికీ నీలి కాంతిని కారణం చేయొద్దు. మామూలుగా నిమిషానికి పదిహేను, ఇరవైసార్లు పడే రెప్ప తెర ముందు బాగా తగ్గిపోతుంది, సగం సగం మూసుకుంటుంది. కన్నీటి పొర ఆరిపోతుంది. ఫ్యాన్ గాలి, ఏసీ గాలి నేరుగా ముఖానికి తగిలితే ఇంకా త్వరగా ఆరుతుంది. తెర పై అంచు కంటి ఎత్తు కన్నా కాస్త కిందికి ఉంచండి. చూపు దిగువకు ఉన్నప్పుడు రెప్ప కంటిని ఎక్కువ కప్పుతుంది. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరాన్ని ఇరవై సెకన్లు చూస్తూ, పూర్తిగా రెప్ప వేయాలి. అయినా తగ్గకపోతే సైట్ పరీక్ష చేయించండి. అర పాయింటు సిలిండర్ పవరు (కంటి వంపులో తేడా వల్ల వచ్చే లోపం) సరిచేయకపోయినా కొందరికి తలనొప్పి వస్తుంది. నలభై దాటినవారికైతే చత్వారం ఉందేమో చూడాలి. చిన్నపిల్లలకు చుక్కలు వేసి పరీక్షిస్తేనే అసలు పవరు తెలుస్తుంది. మందుల షాపులో ఇచ్చే ఎరుపు తగ్గే చుక్కలు డాక్టరు చీటీ లేకుండా వేయకండి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే, ఎక్కువ కాలం వాడినప్పుడు కంటిలో ఒత్తిడి పెరిగి గ్లాకోమా, శుక్లం వచ్చే ప్రమాదం ఉంది.

పగటి వెలుతురు మాత్రం కావాలి. తైవాన్ 2010 నుంచి బడిపిల్లల్ని రోజూ రెండు గంటలు ఆరుబయట ఉంచే కార్యక్రమం చేపట్టాక, అప్పటిదాకా ఏటేటా పెరుగుతున్న చూపు లోపాలు తగ్గుముఖం పట్టాయి. మన హాస్టళ్లలో దీనికి పూర్తిగా తలకిందులు జరుగుతోంది. పిల్లలు పగలంతా తలుపులు మూసిన గదుల్లో, రాత్రి పదకొండు దాకా తెల్లని లైట్ల కింద ఉంటున్నారు.

అందువల్ల జూనియర్ కాలేజీల యాజమాన్యాలను కోరేది ఇది. రాత్రి స్టడీ అవర్ లైట్లను వార్మ్ వైట్‌కు మార్చండి, ఆ స్టడీ అవర్‌ను తొమ్మిదిన్నరకు ముగించండి, ఉదయం అల్పాహారానికి ముందు అరగంట పిల్లల్ని మైదానంలోకి వదలండి. కళ్లజోళ్ల దుకాణాలవారు బ్లూ కట్ అద్దం అమ్మితే, అది ఎన్ని నానోమీటర్ల దగ్గర ఎంత శాతం కాంతిని ఆపుతుందో బిల్లు మీద రాసివ్వాలి. తల్లిదండ్రులు కూడా డబ్బు కట్టే ముందు ఆ అంకె అడగాలి.

— కొందరు ఆప్టోమెట్రిస్టులు, విజయవాడ