పదకొండు రోజులు బండ్లు ఎందుకు ఆపాను

దామలచెరువు, పాకాల చుట్టుపక్కల మామిడి తోటలకు మా దగ్గర జీపులు, తోటబండ్లు (తోటల్లోనే తిరిగే చిన్న బండ్లు) అద్దెకు తీసుకునే వారందరికీ నమస్కారం. కోత ముమ్మరంగా ఉన్న సమయంలో పదకొండు రోజులు మా షెడ్డు తాళం తీయలేదు. ఫోను చేసిన వారికి "బండ్లు రిపేరులో ఉన్నాయి" అని మాత్రమే చెప్పాను. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. ఈలోగా "బ్రేకులు లేని బండ్లు అద్దెకిస్తున్నాడట" అన్న మాట మండీలో తిరిగి తిరిగి నా చెవిన పడింది. పద్నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఆ రోజు అన్నం సహించలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

గుట్టవార తోట నుంచి పాత ఫోర్ వీల్ జీపు ఒకటి ఇరవై క్రేట్ల తోతాపురి కాయతో దిగుతోంది. సగం వాలులో బ్రేకు పెడలు ఒక్కసారిగా కిందికంటా పోయింది. బండి మొదటి గేరులో ఉండబట్టి ఇంజనే కొంత ఆపుకొచ్చింది. డ్రైవరు హ్యాండ్‌బ్రేకు లాగి, బండిని గుట్టవైపు మట్టికట్టకు ఆనించాడు. నాలుగు క్రేట్లు దొర్లి కాయలు వంకలో పడ్డాయి. మనిషికి ఏమీ కాలేదు. క్రేట్ల మీద ఎవరూ కూర్చోలేదు. కూలీలు ఆ రోజు నడిచి దిగారు.

సాయంత్రం మాస్టర్ సిలిండర్ విప్పాం. పెడలు తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను చక్రాల దాకా నెట్టేది అదే. లోపలి రబ్బరు కప్పు రాత్రంతా నానిన శనగగింజలా ఉబ్బి, వేళ్ల మధ్య మెత్తగా నలిగింది. అది అలా ఉబ్బి, ఆయిల్ వెనక్కి వచ్చే సన్నటి రంధ్రాన్ని మూసేసింది. దాంతో కాలు తీసినా బ్రేకులు వదల్లేదు. షూలు, అంటే చక్రాన్ని ఆపే పట్టీలు, డ్రమ్ములను రాసుకుంటూనే ఉన్నాయి. ఆ వేడికి లోపలి ఆయిల్ మరిగి ఆవిరైంది. ఆవిరిని ఎంత తొక్కినా అణుగుతుందే తప్ప చక్రాన్ని పట్టదు.

మనం బ్రేక్ ఆయిల్ అంటాం గాని అది నూనె జాతి కాదు, నీళ్లలో కలిసిపోయే ద్రవం. కొత్త డాట్ 4 రకం 230 డిగ్రీల లోపు మరగకూడదు, గాలిలో తేమ పీల్చుకున్నాక కూడా 155 దాకా నిలవాలి. అందులో నిజంగా నూనె కలిసిందా, ఈ రబ్బర్లు ఉబ్బిపోతాయి. ఆ జీపులో పోసిన రకానివే సీలు తీయని డబ్బాలు రెండు మా దగ్గర మిగిలాయి. ఇద్దరు రైతుల ఎదుటే సీలు తీసి, గాజు గ్లాసులో నీళ్లు పోసి ఒక చెంచా వేశాను. పైన తెట్టు కట్టింది. ఎంత కలిపినా మళ్లీ పైకే వచ్చింది. వేరే అంగడిలో కొన్నది పక్క గ్లాసులో వేస్తే పంచదారలా కరిగిపోయింది.

ఆ డబ్బాలు ఇచ్చిన అంగడి పేరు రాయను. తొమ్మిదేళ్లుగా అక్కడే కొంటున్నాను. ఒక్కసారి కూడా బేరమాడలేదు, ఒక్క బిల్లూ నెల దాటించలేదు. వాళ్ల ఇంట్లో పెళ్లికి కాయలు పంపినవాణ్ణి. గ్లాసుల ఫోటో పంపి ఫోను చేస్తే, "తమ్ముడూ, నీ కుర్రాళ్లే ఏదో కలిపేసి ఉంటారు" అన్నాడు. సీలు తీసింది నేనే అన్నాను. "కంపెనీ వాడు అలా పంపితే నేనేం చేసేది" అన్నాడు. మూడో రోజు తనే ఫోను చేసి, రెండు డబ్బాలు ఉచితంగా ఇస్తాను, ఈ సంగతి నలుగురిలో పెట్టవద్దు అన్నాడు. నా పరువుకు రెండు డబ్బాల వెల కట్టాడు! ఆ ఫోను పెట్టేశాక మళ్లీ ఆ అంగడి వైపు వెళ్లలేదు. ఇప్పుడు తిరుపతి నుంచి తెప్పిస్తున్నాను. బస్సు ఖర్చు నాదే, మీ అద్దెలో కలపను.

అయితే నా తప్పూ ఉంది. ముందు రోజే డ్రైవరు "అన్నా, బండి బరువుగా లాగుతోంది, చక్రం దగ్గర చేయి పెడితే సెగ కొడుతోంది" అన్నాడు. లోడు ఎక్కువేసి ఉంటారులే అని కొట్టిపారేశాను. ఆ మాట అతను ఇప్పటిదాకా ఎత్తలేదు. ఎత్తితే బాగుండేదేమో.

ఆ డబ్బాల్లోది మూడు బండ్లలో పోశామని తెలుసు. మిగతా నాలుగింటి సంగతి నోటు పుస్తకంలో రాయలేదు. మర్నాడు తెల్లవారకముందే పాత ఖాతాదారు ఒకరు ఫ్యాక్టరీ టోకెనుతో (ఏ రోజు కాయ తేవాలో చెప్పే చీటీ) వచ్చి నిలబడ్డారు. 2025లో ఫ్యాక్టరీ కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇస్తుందన్న లెక్కతో కాయ తోలినవాళ్లం మనం. టోకెను రోజు తప్పితే రైతుకు ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పక్కరలేదు. ఆ నాలుగింటిలో ఒకదాని తాళం ఆయన చేతిలో పెట్టాను కూడా. పెట్టాక, ఆ బండిలో బ్రేక్ ఆయిల్ పోసే చిన్న డబ్బా మూత తీసి చూశాను. మూత రబ్బరు బాగానే ఉంది. బాగానే ఉండటంతోనే భయం వేసింది. మొన్న ఆ జీపు కూడా చూపులకు బాగానే ఉంది కదా. తాళం వెనక్కి అడిగాను. "నా కాయ నువ్వు మోస్తావా?" అన్నారాయన. జవాబు లేదు నా దగ్గర. ఆయన వేరేచోట బండి పెట్టుకున్నారు, ఇంకా మాట్లాడటం లేదు.

ఏడు బండ్లలో మాస్టర్ సిలిండర్ నుంచి చక్రాల దాకా రబ్బరన్నదల్లా మార్చాం, పైపులు కడిగించాం. కాయ మోసుకునే నెలలో ఆ ఖర్చు ఎంతో చెప్పను, అడగవద్దు.

ఇక కొన్ని పట్టింపులు. నచ్చకపోతే వేరే బండి చూసుకోవచ్చు, నేనేమీ అనుకోను. వెనక తొట్టిలో, క్రేట్ల మీద మనుషులు ఎక్కకూడదు. "మా కూలీలు ఆరుగురే" అన్నా సరే. తోటబండిలో బెల్టు పెట్టుకోవాలి. బండి ఒరుగుతుంటే కాలు బయటపెట్టి ఆపబోకూడదు, పైనున్న ఇనుప చట్రం ఉన్నది లోపల కూర్చున్నవారికే. వాలుకు అడ్డంగా నడపవద్దు. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి, డీజిలు మిగులుతుందని న్యూట్రల్ వేయవద్దు. దిగేటప్పుడే ఎక్కువ నిదానం కావాలి. తిరుమల ఘాట్‌లో ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్న నియమం మనకు తెలియనిదా? తోటబండిని తారు రోడ్డు మీదికి తీసుకెళ్లకండి, దానికి రిజిస్ట్రేషన్ లేదు. కొత్త డబ్బా వచ్చినప్పుడల్లా నీళ్ల గ్లాసు పరీక్ష మీ ఎదుటే చేస్తాను. తేదీ, బండి నంబరు ఇప్పుడు పుస్తకంలో రాస్తున్నాం.

అడ్వాన్సు ఇచ్చి బండి దొరకనివారు వచ్చి డబ్బు తీసుకెళ్లండి. వంకలో పోయిన నాలుగు క్రేట్ల కాయకు ఆ తోటవారికి లెక్క కట్టి ఇచ్చేశాను. ఆరు బండ్లు సోమవారం నుంచి సిద్ధం.

ఆ జీపు మాత్రం ఈ సీజనుకు రాదు. మెకానిక్ సరిగానే ఉందన్నాడు. అయినా అదే వాలులో ఖాళీ బండిని ముందు నేను దింపి చూడాలి. డ్రైవరు తనూ వస్తానన్నాడు. వద్దన్నాను.