ఒక చెంచా తోడు

మేం కొరియాకి వచ్చి నిన్నటికి ఏడు నెలలు. పోయిన అక్టోబరులో మూడు పెట్టెలు, ఒక ఇడ్లీ పాత్ర, నాలుగేళ్ళ పాపతో ఇంచన్ ఎయిర్‌పోర్టులో దిగాం. అప్పటినుంచి చెప్పాల్సిన థాంక్స్‌లు పేరుకుపోయాయి. ఎదురుగా చెప్పబోతే "అదేముంది అక్కా" అని మాట దాటేస్తున్నారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. పేర్లు రాయొద్దన్నారు, రాయడం లేదు.

మాది పెనుకొండ. 2019లో మా పక్కనే ఎర్రమంచి దగ్గర కియా కార్ల తయారీ మొదలైంది కదా, కొరియా వాళ్ళు మాకు కొత్తేం కాదు. ఒకసారి మా నాన్న కిరాణా కొట్టుకి ఒకాయన వచ్చి, గుడ్లు కావాలని రెండు చేతులూ రెక్కల్లా ఆడించి కోడిలా అరిచాడు. అది చెప్పుకుని మేం నెల రోజులు నవ్వుకున్నాం. ఆ పాపం ఊరికే పోలేదు. వచ్చిన మూడో రోజు ఇక్కడి సూపర్‌మార్కెట్‌లో పెరుగు కోసం నేను ఆవులా అరిచాను. పాల ప్యాకెట్ ఇచ్చారు. చెయ్యి ఊపి ఇంకోటి అడిగితే స్ట్రాబెర్రీ పెరుగు ఇచ్చారు. ఆ రాత్రి మేం స్ట్రాబెర్రీ పెరుగన్నం తిన్నాం. ఆవకాయతో.

మా ఆయన పనిచేసే విడిభాగాల కంపెనీ రెండేళ్ళ పని మీద ఇక్కడికి పంపింది. ఉండేది హ్యాంగ్నమ్‌లో, సువాన్ నగరానికి దక్షిణాన, హ్వాసంగ్ నగరం కిందికి వస్తుంది. ఇల్లు 'విల్లా' అని కాగితంలో రాసుంటే అమ్మకి ఫోన్ చేసి చెప్పాను, ఆమె వీధంతా చాటింది. ఇక్కడ విల్లా అంటే లిఫ్టు లేని మూడు నాలుగంతస్తుల చిన్న మేడ. ఆ సంగతి అమ్మకి ఇంకా చెప్పలేదు.

మొదటి థాంక్స్ సువాన్‌లో పీహెచ్‌డీ చేస్తున్న కడప తమ్ముడికీ, వాళ్ళావిడకీ. వచ్చిన 90 రోజుల్లోపు ఇమిగ్రేషన్ ఆఫీసులో రిజిస్టర్ చేసుకోవాలి, ఆ కార్డు వచ్చేదాకా మనం ఇక్కడ సగం మనుషులమే. కార్డు లేకపోతే మన పేరు మీద సరైన ఫోన్ నంబరు లేదు. నంబరు లేకపోతే వెరిఫికేషన్ కాదు. అది కాకపోతే ఆన్‌లైన్‌లో దుప్పటి కూడా కొనుక్కోలేం. కార్డు వచ్చేదాకా ఆ రెండు నెలలూ మా ఇంటికొచ్చిన ప్రతి పార్సిల్ మీద ఆ తమ్ముడి పేరే. పరుపులు, రైస్ కుక్కరు, పాప చలికోటు అన్నీ అలా వచ్చినవే. గూగుల్ మ్యాప్ నమ్ముకుని రెండుసార్లు దారి తప్పాక ఇక్కడివాళ్ళు వాడే నేవర్ మ్యాప్ పెట్టిచ్చిందీ అతనే.

వాళ్ళు మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు ఆ అమ్మాయి సంచిలోంచి చిన్న స్టీలు డబ్బా తీసింది. "అక్కా, తోడు. మాకు ముందున్న వాళ్ళు ఇండియా వెళ్ళిపోతూ ఇచ్చారు. పోగొట్టుకోవద్దు" అంది. స్ట్రాబెర్రీ పెరుగు సంగతి ఆమెకి ఎవరు చెప్పారో గానీ, నాకు కళ్ళనీళ్ళు ఒక్కటే తక్కువ.

ఇక మా కింద ఇంటి హల్మొని. హల్మొని అంటే అవ్వ. తలుపు తీయగానే మొదటి ప్రశ్న నా వయసెంతని. ఇదేం అడగడం అనుకున్నాను. తర్వాత తెలిసింది, వయసు తెలియకపోతే వీళ్ళకి మాట ఏ వరసలో మొదలుపెట్టాలో తెలియదట. నువ్వా, మీరా అని మనం తటపటాయించినట్టే. ఇప్పుడు నన్ను మా పాప పేరు చేర్చి 'ఒమ్మ' అని పిలుస్తుంది. ఊళ్ళో ఫలానా పిల్ల వాళ్ళమ్మ అన్నట్టే ఉంటుంది.

రెండో వారంలో ఒక పొద్దున ఆమె పైకి వచ్చింది. పాప గంతుల చప్పుడుకి గొడవ పెట్టుకోవడానికే అనుకుని టెన్షన్ పడ్డాను. చూస్తే చేతిలో మా చెత్త సంచి! ఇక్కడ చెత్తకి ఆ ఊరి ప్రభుత్వ సంచులే కొని వాడాలి, తిండి చెత్త విడిగా వెయ్యాలి. అంతవరకూ నాకు తెలుసు. నేను వంకాయ తొడిమలు, ఉల్లిపొట్టు, గుడ్డు పెంకులు, చింతపండు పిప్పి అన్నీ తిండి చెత్తలోనే వేశాను. ఉల్లిపొట్టు, గుడ్డు పెంకులు అందులోకి రావట. ఆమె నేలమీద కూర్చుని ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టింది. ఫోన్‌లో అనువాదం చేసి చూపించింది: "జంతువు తింటుందా? తింటే ఇటు." అమ్మా, ఇది మా జేజి కుడితి తొట్టి లెక్కే కదా! బర్రెకి పనికొచ్చేది కుడితిలోకి, పనికిరానిది పెంటకుప్పకి. మళ్ళీ తప్పు చేయలేదు. చింతగింజలు మాత్రం ఇద్దరం చాలాసేపు చూసి, చివరికి మామూలు చెత్తలో వేశాం.

సంక్రాంతికి డేజాన్‌లో తెలిసినవాళ్ళింటికి వెళ్తూ, గ్యాస్ బిల్లు మిగుల్తుందని బాయిలర్ పూర్తిగా ఆపేశాం. ఇక్కడ నేల కింద వేడినీళ్ళ గొట్టాలుంటాయి, ఇల్లంతా దానితోనే వెచ్చగా ఉంటుంది. రెండు రోజుల తర్వాత వస్తే కుళాయిలో చుక్క నీరు లేదు, గొట్టాలు గడ్డకట్టాయి. రాత్రి తొమ్మిదింటికి హల్మొని హెయిర్ డ్రయ్యరు, పాత తువ్వాళ్ళు, వేణ్ణీళ్ళ కెటిల్ పట్టుకుని పైకి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని గంటన్నర గొట్టానికి కాపడం పెట్టింది. నీళ్ళు వచ్చాక మమ్మల్ని తిట్టింది. అది అనువాదం లేకుండానే అర్థమైంది. బాయిలర్ మీద 'వేచుల్' అనే బటన్ పక్కన ఎర్ర స్టిక్కర్ అంటించి వెళ్ళింది. వేచుల్ అంటే బయటికి వెళ్ళడం. ఆపొద్దు, అది నొక్కి వెళ్ళండి అని. కొత్తగా వచ్చినవాళ్ళు దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి.

మర్నాడు పులిహోర ఇచ్చాను. మనలాగే ఆమె కూడా ఖాళీ గిన్నె తిప్పి పంపదు, కాల్చిన గెనుసుగడ్డలు వచ్చాయి. మేం చేపలు తినమని తెలిశాక ఉప్పులో ఊరబెట్టిన రొయ్యలు వేయకుండా మా కోసం విడిగా కిమ్చీ, అంటే వీళ్ళ క్యాబేజీ ఊరగాయ, పెట్టింది. ఆమె దృష్టిలో అది కిమ్చీయే కాదట.

డేకేర్ టీచర్‌కి కూడా. రోజూ పాప గురించి తెలుగులోకి మార్చి మరీ మెసేజ్ పెడుతుంది. "మీ కుమార్తె నేడు ఘనముగా విసర్జించినది" అన్న మెసేజ్ మా ఆయన దాచుకున్నాడు. ఇమిగ్రేషన్ హెల్ప్‌లైన్ 1345కి ఫోన్ చేసిన ప్రతిసారీ ఇంగ్లీషులో ఓపిగ్గా చెప్పినవాళ్ళకి కూడా.

అన్నట్టు, ఆ చలిలో పెరుగు తోడుకునేది కాదు. డబ్బా చూసి హల్మొని దాన్ని తువ్వాలులో చుట్టి, నేల అన్నిటికంటే వెచ్చగా ఉండే మూల చూపించింది. వాళ్ళమ్మ సోయా గింజలు పులియబెట్టడానికి అలాంటి మూలలోనే దుప్పటి కప్పి పెట్టేదట. తెల్లారేసరికి గడ్డ పెరుగు. అప్పటినుంచి ఒక్కరోజు తప్పలేదు.

సువాన్ తమ్ముడి తోడు మొన్న ఎండలకి పాడైపోయిందట, ఈ ఆదివారం తీసుకెళ్తున్నాను. అటువైపు కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరికైనా కావాలంటే చెప్పండి. మూత గట్టిగా ఉన్న డబ్బా తెచ్చుకోండి, బస్సులో ఒలుకుతుంది.