వ్యాపారానికి సొంత చిరునామాల జాబితా ముఖ్యం

సంపాదకులకు నమస్కారం.

చిన్న, మధ్యతరహా సంస్థలు ఇంటర్నెట్‌లో తమ సరుకునూ సేవలనూ ఎలా ప్రచారం చేసుకోవాలన్న విషయం మీద పత్రికల వ్యాపార పేజీల్లో తరచుగా వ్యాసాలు వస్తున్నాయి. వాటిలో చాలా వరకు ఫలానా సంస్థకు ఇంతమంది ఫాలోవర్లు ఉన్నారనో, ఫలానా వీడియోను ఇన్ని లక్షల మంది చూశారనో చెప్పి, అదే విజయమన్నట్లు ముగిసిపోతున్నాయి. ఇటువంటి సంస్థల కోసం ఈమెయిల్ ఉత్తరాలూ బ్లాగు వ్యాసాలూ రాసే పనిలో ఉన్నవాడిగా నాకు ఈ ధోరణి ఆందోళన కలిగిస్తోంది. చూసినవారిలో ఎందరు కొన్నారు, కొన్నవారిలో ఎందరు మళ్లీ వచ్చారు, వారిని రేపు మళ్లీ పలకరించే మార్గం ఆ సంస్థ చేతిలో ఉందా లేదా అన్న ప్రశ్నలు ఈ వ్యాసాల్లో దాదాపుగా కనిపించవు. నా అభిప్రాయంలో ఆన్‌లైన్ ప్రచారానికి పునాది, తమకు ఉత్తరం రాయమని ఇష్టపూర్వకంగా అడిగినవారి ఈమెయిల్ చిరునామాల జాబితా. బ్లాగు ఆ జాబితాలో చేరడానికి కారణం చూపించాలి, సోషల్ మీడియా కొత్తవారిని అక్కడికి తీసుకురావాలి. ఈ వరుస తలకిందులైనప్పుడు ఎంత శ్రమ పడినా అది నేల విడిచి సాము చేయడమే అవుతుంది.

సోషల్ మీడియాను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. సంస్థ పేరు కూడా విననివారికి దాన్ని పరిచయం చేయడానికి అంత చవకైన మార్గం మరొకటి లేదు. అయితే అక్కడ మన పోస్టు ఎవరికి కనిపించాలో నిర్ణయించేది మనం కాదు, మనల్ని అనుసరిస్తున్నవారు కూడా కాదు. 2018 జనవరిలో ఫేస్‌బుక్ తన న్యూస్ ఫీడ్‌లో స్నేహితులు, కుటుంబ సభ్యుల పోస్టులకు ప్రాధాన్యం పెంచి, వ్యాపార సంస్థల, వార్తా సంస్థల పోస్టులను తగ్గిస్తామని ప్రకటించింది. అప్పటి వరకు ఏళ్ల తరబడి పేజీలను పెంచుకున్న సంస్థలు, అదే ఫాలోవర్లకు తమ మాట చేరవేయడానికి ప్రకటనల రూపంలో డబ్బు చెల్లించాల్సిన పరిస్థితికి వచ్చాయి. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ దాదాపు ఆరు గంటల పాటు ప్రపంచమంతటా ఆగిపోయినప్పుడు, కేవలం వాటి మీదే ఆధారపడి ఆర్డర్లు తీసుకుంటున్నవారికి కొనుగోలుదారులతో మాట్లాడే దారే లేకపోయింది. ఇక మొత్తంగా మూతపడిన వేదికల సంగతి సరేసరి. ఆర్కుట్ 2014 సెప్టెంబరులో, గూగుల్ ప్లస్ సామాన్య వినియోగదారులకు 2019 ఏప్రిల్‌లో మూతపడ్డాయి. అక్కడ కూడగట్టుకున్న అనుచరులను ఎవరూ వెంట తెచ్చుకోలేకపోయారు.

కాబట్టి సోషల్ మీడియాలో ప్రతి పోస్టునూ అమ్మకం కోసమే పెట్టడం కన్నా, ఆసక్తి కలిగినవారు తరువాతి అడుగు వేయడానికి ఒక చోటు చూపించడం మేలు. ఆ చోటు సంస్థ సొంత వెబ్‌సైటు కావాలి. ఇంకొక మాట చెప్పాలి. చాలా సంస్థల్లో ఈ ఖాతాల నిర్వహణను కొత్తగా చేరిన ఉద్యోగికి అప్పగించి మిగతావారు దాని వైపు చూడరు. పోస్టు కింద కొనుగోలుదారు అడిగిన ప్రశ్నకు సరుకు గురించి బాగా తెలిసినవారు సమాధానం చెప్పాలి. ఆ సమాధానాన్ని అడిగినవారొక్కరే కాదు, అదే సందేహం ఉండి అడగకుండా ఊరుకున్నవారు కూడా చదువుతారు. ఫిర్యాదును తొలగించడం కన్నా అందరి ముందూ మర్యాదగా బదులిచ్చి, పరిష్కరించిన సంగతిని అక్కడే చెప్పడం ఏ ప్రకటనకన్నా ఎక్కువ నమ్మకం తెస్తుంది. డబ్బిచ్చి ఫాలోవర్లను తెచ్చుకోవడం గురించి ఒక్క వాక్యం చాలు: వారు కొనరు, మాట్లాడరు, ఎంతమంది స్పందించారన్న నిష్పత్తిని పాడుచేస్తారు.

ఇప్పుడు ఈమెయిల్ సంగతికి వస్తాను. అసలు అపోహలన్నీ ఇక్కడే ఉన్నాయి. ఈమెయిల్ పాతబడిందని, ఎవరూ చదవరని చెప్పేవారు సాధారణంగా అడగనివారికి పంపిన ఉత్తరాల ఫలితాన్ని చూసి ఆ మాట అంటున్నారు. 1978 మే నెలలో గ్యారీ థ్యురెక్ అనే మార్కెటింగ్ ఉద్యోగి తమ సంస్థ కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మని ఇంటర్నెట్‌కు ముందున్న కంప్యూటర్ల నెట్‌వర్క్ అయిన అర్పానెట్‌లోని సుమారు 400 మందికి వారు కోరకుండానే ఒకే సందేశాన్ని పంపారు. తొలి స్పామ్‌గా చరిత్రకెక్కిన ఆ సందేశం మీద వెంటనే నిరసనలు వచ్చాయి. ఇన్నేళ్లు గడిచినా, ఎక్కడో కొన్న చిరునామాల జాబితాతో ప్రచారం మొదలుపెట్టమని సలహా ఇచ్చేవారు ఇంకా ఉన్నారు. అలాంటి జాబితాల్లో పనిచేయని చిరునామాలు, వాటి యజమానులు ఎప్పుడో వదిలేసినవి, స్పామ్ పంపేవారిని పట్టుకోవడానికే ఏర్పాటు చేసినవి కలిసి ఉంటాయి. వాటికి ఒక్కసారి పంపినా సంస్థ డొమైన్‌కు, అంటే ఈమెయిల్ చిరునామాలో @ గుర్తు తరువాత ఉండే పేరుకు, చెడ్డపేరు వస్తుంది. ఆ తరువాత నిజంగా కోరినవారికి పంపిన ఉత్తరాలు, కొన్నిసార్లు బిల్లులు, రసీదులు కూడా స్పామ్ ఫోల్డరులోకి పోతాయి.

2024 ఫిబ్రవరి నుంచి ఈ విషయంలో నిబంధనలు మరింత కఠినమయ్యాయి. రోజుకు 5000 లేదా అంతకు మించి ఉత్తరాలను జీమెయిల్ చిరునామాలకు పంపేవారు పంపినవారు అసలైనవారేనని చూపే ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు ధ్రువీకరణలనూ తమ డొమైన్‌కు అమర్చుకోవాలని, ప్రచార ఉత్తరాల్లో ఒక్క క్లిక్కుతో చందా మానుకునే వీలు ఉండాలని, మానుకుంటామన్నవారిని రెండు రోజుల్లోగా జాబితా నుంచి తీసేయాలని గూగుల్ షరతు పెట్టింది. యాహూ కూడా అదే సమయంలో ఇటువంటి నిబంధనలనే తెచ్చింది. స్పామ్ అని ఫిర్యాదు చేసేవారి నిష్పత్తి 0.3 శాతానికి చేరకూడదు, 0.1 శాతం లోపే ఉంచుకోవడం మంచిదన్నది గూగుల్ సూచన. అంటే ఇన్‌బాక్సులకు చేరిన ప్రతి వెయ్యి ఉత్తరాలకు ముగ్గురు ఫిర్యాదు చేసినా హద్దు తాకినట్లే. రోజుకు కొన్ని వందల ఉత్తరాలు పంపే సంస్థకు ఈ షరతులన్నీ వర్తించకపోయినా, ఆ మూడు ధ్రువీకరణలనూ ముందే అమర్చుకోవడం మంచిది. ఉత్తరం నిజంగా ఆ సంస్థ నుంచే వచ్చిందని ఎదుటి సర్వరు గుర్తించడానికి అవే ఆధారం. సంస్థ పేరుతో మోసగాళ్లు ఉత్తరాలు పంపకుండా ఆపడానికీ అవి ఉపయోగపడతాయి.

చందా మానుకునే అన్‌సబ్‌స్క్రైబ్ లింకును ఉత్తరం అడుగున కంటికి కనిపించనంత చిన్న అక్షరాల్లో దాచే అలవాటును చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. వెళ్లాలనుకునేవారు వెళ్లే దారి కనిపించనప్పుడు స్పామ్ బటన్ నొక్కుతారు, ఆ నొక్కుడు మిగిలిన చందాదారులందరికీ చేరే ఉత్తరాలకు నష్టం చేస్తుంది. ఇష్టం లేనివారిని సులువుగా పోనివ్వడం మర్యాదే కాదు, లెక్క ప్రకారం లాభం కూడా. చట్టాలు కూడా ఈ దిశలోనే ఉన్నాయి. అమెరికాలో 2003లో వచ్చిన క్యాన్-స్పామ్ చట్టం మోసపుచ్చే సబ్జెక్ట్ లైనును నిషేధించింది, పంపినవారి తపాలా చిరునామా ఉత్తరంలో ఉండాలని నిర్దేశించింది. యూరప్‌లో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం ముందే టిక్కు పెట్టి ఉంచిన గడిని సమ్మతిగా లెక్కించడానికి వీల్లేదు. ఈ చట్టాలు వర్తించని చోట ఉన్న సంస్థ కూడా వీటిని పాటిస్తే నష్టపోయేది ఏమీ లేదు.

అనుమతి తీసుకోవడం అంటే ఏమి పంపుతామో, ఎన్నాళ్లకొకసారి పంపుతామో ముందే చెప్పి, ఆ మాట మీద నిలబడడం. చేరిన వెంటనే వెళ్లే స్వాగత ఉత్తరం చాలా ముఖ్యమైనది. అడిగిన ఆసక్తి తాజాగా ఉన్న సమయం అదే. మూడు నెలల తరువాత మొదటి ఉత్తరం వెళ్తే, తాము ఎప్పుడు చేరామో కూడా వారికి గుర్తుండదు. ఉత్తరానికి బదులివ్వవద్దని చెప్పే చిరునామా నుంచి కాకుండా, ఒక మనిషి చదివే చిరునామా నుంచి పంపాలి. బదులుగా వచ్చే రెండు మూడు వాక్యాల్లో సంస్థకు తన సరుకు గురించి ఏ సర్వేలోనూ దొరకని సంగతులు దొరుకుతాయి. ఇప్పటికే కొన్నవారికి, ఇంకా ఆలోచిస్తున్నవారికి ఒకే ఉత్తరం పంపడం సరికాదు. నిన్న పూర్తి ధరకు కొన్నవారికి ఈరోజు తగ్గింపు ప్రకటన పంపితే వారి మనసు ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

ఫలితాన్ని కొలిచే పద్ధతి కూడా మారాలి. ఎందరు ఉత్తరం తెరిచారన్న లెక్కను ఇప్పటికీ నివేదికల్లో మొదటి వరుసలో చూపిస్తున్నారు. ఆ లెక్క ఉత్తరంలో దాచిన ఒక చిన్న బొమ్మ డౌన్‌లోడ్ కావడం మీద ఆధారపడుతుంది. 2021 సెప్టెంబరులో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో గోప్యతా రక్షణను ప్రవేశపెట్టినప్పటి నుంచి, దాన్ని ఎంచుకున్నవారి విషయంలో వారు ఉత్తరం తెరిచినా తెరవకపోయినా ఆ బొమ్మ ముందుగానే డౌన్‌లోడ్ కావచ్చు. అందువల్ల ఆ అంకె పెరిగిందని సంతోషించడానికి కారణం లేదు. లింకు నొక్కినవారు, బదులు రాసినవారు, కొన్నవారు, మానుకున్నవారు, ఈ నాలుగు లెక్కలే ఆధారపడదగినవి.

బ్లాగు గురించి చాలామందికి ఉన్న సందేహం, వీడియోల కాలంలో వ్యాసాలెవరు చదువుతారని. కొనే ముందు మనిషి వెతుకుతాడు. ఏది తనకు సరిపోతుంది, రెండింటికీ తేడా ఏమిటి, పాడైతే ఏం చేయాలి వంటి ప్రశ్నలకు నిదానమైన సమాధానం రాసిపెట్టిన సంస్థను ఆ వెతుకులాటలోనే కలుసుకుంటాడు. సోషల్ మీడియా పోస్టు సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో కనుమరుగవుతుంది, మంచి వ్యాసం ఏళ్ల తరబడి పాఠకులను తెస్తూనే ఉంటుంది. దానికి అంశాల కోసం ఎక్కడో వెతకక్కర్లేదు. కొనుగోలుదారులు ఫోనులో, ఉత్తరాల్లో పదేపదే అడిగే ప్రశ్నలను రాసి పెట్టుకుంటే చాలు.

అయితే సెర్చ్‌లో కనిపించడం కోసమే పదాలు కుక్కి, అందరూ రాసినదే తిరగరాసే వ్యాసాలకు కాలం చెల్లింది. 2011లో పాండా పేరుతో వచ్చిన మార్పుతోనే గూగుల్ పస లేని పేజీలను కిందికి నెట్టడం మొదలుపెట్టింది. 2022 ఆగస్టులో మనుషులకు ఉపయోగపడే రచనలకే ప్రాధాన్యమంటూ మరో మార్పు తెచ్చింది. 2024 మార్చిలో, ర్యాంకుల కోసం కుప్పలు తెప్పలుగా తయారుచేసిన పేజీలను, అవి మనుషులు రాసినా యంత్రాలు రాసినా, స్పామ్‌గా పరిగణిస్తామని స్పష్టం చేసింది. ఇప్పుడు సెర్చ్ పేజీల్లోనే కృత్రిమ మేధ సమాధానాల సారాంశం చూపిస్తోంది కనుక, ఎక్కడైనా దొరికే సమాచారం కోసం పాఠకుడు మన సైటు దాకా రావలసిన అవసరమే తగ్గుతోంది. ఆ సంస్థకు మాత్రమే తెలిసిన సంగతులు, అంటే తాము పరీక్షించి చూసినవి, తమ కొనుగోలుదారులకు ఎదురైన చిక్కులు, వాటిని తీర్చిన తీరు, ఏ సరుకు ఎవరికి సరిపోదో నిజాయితీగా చెప్పగలగడం, ఇవే ఇకమీదట బ్లాగుకు బలం. వారానికి అయిదు పస లేని వ్యాసాల కన్నా నెలకు ఒక్క మంచి వ్యాసం చాలు. పాతబడిన వ్యాసాన్ని సరిదిద్ది, ఎప్పుడు సరిదిద్దారో తేదీ వేయడం కొత్తది రాసినంత మేలు చేస్తుంది.

అటువంటి వ్యాసం చివర, ఇలాంటివి మరిన్ని కావాలంటే చిరునామా ఇవ్వండి అని అడిగితే, ఇచ్చేవారు ఆసక్తితోనే ఇస్తారు. అదే వ్యాసంలోని ముఖ్యాంశం ఉత్తరంగా వెళ్తుంది, అందులోని చిన్న చిన్న సంగతులు సోషల్ మీడియా పోస్టులవుతాయి. ముగ్గురు మనుషులున్న సంస్థ కూడా ఈ మాత్రం పని చేసుకోగలదు.

మీ వ్యాపార పేజీకి నా విన్నపం ఇది. ఆన్‌లైన్‌లో పేరు తెచ్చుకున్న సంస్థల గురించి రాసేటప్పుడు ఫాలోవర్ల సంఖ్యతో పాటు, కొనుగోళ్లలో ఎంత భాగం ఉత్తరాల ద్వారా, ఎంత భాగం సెర్చ్ ద్వారా, ఎంత భాగం పోస్టుల ద్వారా వచ్చాయో, తమ ఖాతా ఒకవేళ రేపు మూతపడితే కొనుగోలుదారులను ఎలా చేరుకుంటారో మీ విలేకరులు అడగాలి. దానితో పాటు చిన్న సంస్థల సందేహాలకు ఈ రంగంలో పనిచేసేవారు జవాబిచ్చే శీర్షిక ఒకటి నడిపితే ఎందరికో ఉపకారం జరుగుతుంది. అందులో మొదటి వ్యాసం ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్‌లను డొమైన్‌కు అమర్చుకునే పద్ధతి మీద రాయించమని కోరుతున్నాను, ఎందుకంటే తమ ఉత్తరాలు స్పామ్‌లోకి ఎందుకు పోతున్నాయో తెలియక ఈమెయిల్‌నే వదిలేసుకుంటున్న సంస్థలకు ముందుగా కావలసింది అదే.

భవదీయుడు,
ఒక పాఠకుడు