మొదటి వారాల్లో మిషనరీకి పని అప్పగించకండి

సంపాదకులకు నమస్కారాలు.

విదేశాలకు వెళ్లే మతసేవకుల గురించి పత్రికల్లో వచ్చే కథనాలు సాధారణంగా రెండు ఘట్టాలనే పట్టుకుంటాయి. ఒకటి వీడ్కోలు సభ, రెండోది ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత వాళ్లు కట్టించిన బడో, ఆసుపత్రో, ప్రార్థనాలయమో. నడుమ, కొత్త నేల మీద కాలుపెట్టిన రోజు మొదలుకొని కొన్ని వారాల పాటు ఆ మనిషి ఎలా నెట్టుకొచ్చాడన్నది ఎవరూ రాయరు. చాలామంది విషయంలో తర్వాతి కాలమంతా ఎలా సాగుతుందో తేలేది ఆ వారాల్లోనే కనుక, ఈ ఉత్తరం రాస్తున్నాను.

విదేశాలకు వెళ్లబోయే మిషనరీలకు సన్నాహక తరగతులు చెప్పే పనిలో చాలాకాలంగా ఉన్నాను. పంపే సంస్థలకు నేను చెప్పదలచింది ఒక్కటే: కొత్త దేశానికి వెళ్లిన మిషనరీకి మొదటి వారాల్లో ఏ బాధ్యతా అప్పగించకండి, ఉండటానికి స్థానికుల ఇల్లు, నేర్పడానికి స్థానికుడైన మనిషి, ఈ రెండూ ముందే చూసి పెట్టండి. మతప్రచారం ఉండాలా వద్దా అన్నది వేరే చర్చ, దానిపై మీ పాఠకులకు భిన్నాభిప్రాయాలుంటాయని తెలుసు. నేను మాట్లాడుతున్నది వెళ్లిన మనిషి గురించి, అతను ఏ మతం వాడైనా సరే.

ఈ వారాల్లో పడే ఇబ్బందులు బయటివారికి చాలా చిన్నవిగా కనిపిస్తాయి. అంగడిలో ఎంత ఇవ్వాలో చెప్పినా అర్థం కాక, కొత్త మిషనరీ నాణేలన్నీ అరచేతిలో పరిచి చూపిస్తాడు. దుకాణదారు తనకు రావలసినవి ఒక్కొక్కటే ఏరుకుంటుంటే, పక్కన నిలబడ్డ పిల్లవాడు ఆ చేతినీ ఆ ముఖాన్నీ మార్చి మార్చి చూస్తాడు. స్వదేశంలో గంటసేపు ధారాళంగా ప్రసంగించిన మనిషికి ఇక్కడ కుళాయి ఎక్కడుందో అడగడం చేతకాదు. నలుగురూ నవ్వినప్పుడు ఒక్క క్షణం ఆలస్యంగా తానూ నవ్వుతాడు. అర్థం కాని మాటల్ని రోజంతా చెవులు రిక్కించి వినడం వల్ల సాయంత్రానికి తల దిమ్మెక్కిపోతుంది. వాతావరణం పడలేదనో, నీళ్లు పడలేదనో అనుకుంటాడు గాని, వినడమే అంత శ్రమ అని అతనికి తట్టదు. వయసూ, చదువూ, స్వదేశంలో నలుగురిలో గౌరవమూ ఉన్నవారికి ఈ దశ మరీ కష్టం. సరిగ్గా అప్పుడే ఒక తరగతినో, సంఘాన్నో, కార్యాలయాన్నో చేతికిస్తే, నేర్చుకోవడం మానేసి తనకు తెలిసిన పనిలోకీ తనకు తెలిసిన భాషలోకీ వెళ్లి తలుపు వేసుకుంటాడు. పదేళ్లున్నా ఇక ఆ తలుపు తెరుచుకోదు.

చరిత్రలో నిలిచినవారి తొలి రోజులు చూస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది. 1706 జులై 9న తమిళ తీరంలోని తరంగంబాడి చేరిన జర్మన్ యువకుడు బర్తలోమియస్ జీగెన్‌బాల్గ్‌ను పంపింది స్వయానా డెన్మార్క్ రాజు. అయినా అక్కడి డేనిష్ కోట అధికారి అతన్నీ, తోడు వచ్చిన ప్లూషావునూ ఆదరించలేదు. రాజుగారి అండ అక్కరకు రాని ఆ చోట అతను చేసిన పని చూడండి: ఒక ముసలి బడిపంతులును ఒప్పించి, ఆయన వీధిబడిని తాముంటున్న ఇంటికే రప్పించుకున్నాడు. చిన్నపిల్లల మధ్య కూర్చుని, వాళ్లతో పాటే ఇసుకలో వేలితో తమిళ అక్షరాలు దిద్దాడు. ఉన్నత విద్య చదివి, గురువుగా అభిషేకం పొందిన మనిషి పిల్లల వరుసలో కూర్చోవడానికి సిద్ధపడ్డాడు. 1711 నాటికి బైబిలులోని కొత్త నిబంధనను తమిళంలోకి తేగలిగాడంటే, ఆ అనువాదం మొదలైంది ఆ ఇసుకలోనే అని నా నమ్మకం.

మరో ఉదాహరణ 1813 జులైలో రంగూన్ చేరిన అమెరికన్ దంపతులు అడోనిరామ్, ఆన్ జడ్సన్‌లది. ఓడలో మృతశిశువును ప్రసవించిన ఆన్ ఒడ్డుకు చేరేనాటికి నడవలేని స్థితిలో ఉంది. వారికి దొరికిన బర్మా గురువుకు ఇంగ్లీషు రాదు, వీరికి బర్మా భాష రాదు. కంటికి కనిపించిన వస్తువునల్లా చూపించి పేరడగడంతోనే చదువు మొదలైంది. భర్త పుస్తకాల ముందు కూర్చుంటే, ఇల్లు నడిపే భారం, పనివాళ్లతో వ్యవహారం భార్య మీద పడ్డాయి. దాంతో మాట్లాడటంలో, ఎదుటివారి మాట పట్టుకోవడంలో ఆమె అతన్ని మించిపోయింది. వ్యాకరణం అతనికి ఎక్కువ తెలిసినా, రోజంతా బర్మా భాష మాట్లాడక తప్పని పరిస్థితి వల్ల తనకు మాట ముందు వచ్చిందని ఆమే ఇంటికి రాసిన ఉత్తరంలో చెప్పింది. భాష నేర్చుకోవడానికి మిషనరీని మొదటి రోజునే గదిలో పెట్టి పుస్తకం చేతికిచ్చే సంస్థలు ఆన్ ఉత్తరం మీద శ్రద్ధ పెట్టాలి. ఆ దంపతులకు తొలి బర్మా విశ్వాసి దొరికింది 1819లో. ఈనాటి సంస్థల పద్ధతిలో మూడు నెలలకోసారి లెక్క అడిగి ఉంటే, వారిని ఏనాడో వెనక్కి పిలిపించేవారు.

ఇల్లూ మనిషీ ముందుగా చూసి పెట్టకపోతే ఏమవుతుందో ఇంగ్లండ్ నుంచి బెంగాల్ వచ్చిన మిషనరీ విలియం కేరీ కుటుంబం చూపిస్తుంది. ఈ సంగతి రాస్తుంటే నాకు ఎప్పుడూ బాధ కలుగుతుంది, ఎందుకంటే కేరీ పేరు తెలిసినవారిలో చాలామందికి ఆయన భార్య డొరొతీ పేరు తెలియదు. మొదట ప్రయాణానికే ఒప్పుకోని ఆమె, చివరికి చెల్లెలు తోడు వస్తుందంటే చంటిబిడ్డతో సహా నలుగురు కొడుకులను తీసుకుని బయలుదేరింది. 1793 నవంబరులో కలకత్తా చేరాక కొద్ది వారాలకే చేతిలో డబ్బు అయిపోయింది. ఇల్లు మార్చడం, మళ్లీ మార్చడం, ఒక బెంగాలీ ధనవంతుడు దయతలచి ఇచ్చిన చోట తలదాచుకోవడం, ఇంతలో రక్తవిరేచనాలు, చివరికి సుందరవనాల వైపు పడవ ప్రయాణం. కేరీకి రామ్‌రామ్ బసు వంటి మున్షీ, అంటే భాష నేర్పే గురువు, దొరికాడు, భాష దొరికింది, పని దొరికింది. డొరొతీకి ఏదీ దొరకలేదు. 1794లోనే ఐదేళ్ల కొడుకు పీటర్ చనిపోయాడు. ఆ తర్వాత ఆమె మనసు చెదిరి, 1807లో మరణించేవరకు కుదుటపడలేదు. కేరీ గొప్పతనాన్ని తగ్గించాలని ఈ మాట అనడం లేదు. మిషనరీని పంపుతున్నామని అనుకుంటూ నిజానికి ఒక కుటుంబాన్ని పంపుతున్నామన్న స్పృహ ఆనాడు లేదు. ఈనాడూ చాలా చోట్ల సన్నాహక తరగతి భర్తకే ఉంటుంది, భార్య వీసా కాగితాల్లో మాత్రమే కనిపిస్తుంది.

పరిచయ లేఖలు ఇచ్చి పంపితే చాలుననుకునేవారికి చైనా వెళ్లిన ఇంగ్లీషు మిషనరీ హడ్సన్ టేలర్ అనుభవం గుర్తు చేస్తాను. 21 ఏళ్ల వయసులో 1854 మార్చి 1న అతను షాంఘై చేరేసరికి నగరం తిరుగుబాటుదారుల చేతిలో ఉంది. అతను మూడు లేఖలు తెచ్చుకోగా, ఒకరు అప్పటికే చనిపోయారు, ఒకరు అమెరికా వెళ్లిపోయారు, మూడో వ్యక్తి ఇల్లు ఖాళీ చేసి వేరే చోటికి మారారు. లండన్ మిషన్‌కు చెందిన వైద్యుడు లాక్‌హార్ట్ చేరదీసి ఉండకపోతే ఆ రాత్రి అతనికి పడుకునే చోటు కూడా లేదు.

మన దేశం నుంచి వెళ్లినవారి కథా వేరుగా లేదు. 1893 జులై చివర షికాగో చేరిన వివేకానందస్వామికి, సర్వమత మహాసభ సెప్టెంబరు దాకా లేదనీ, తగిన పత్రాలు లేకుండా ప్రతినిధిగా చేర్చుకోరనీ అక్కడికి వెళ్లాకే తెలిసింది. మద్రాసు శిష్యులు పోగుచేసి ఇచ్చిన డబ్బు రోజురోజుకూ కరిగిపోతుంటే ఖర్చు తక్కువని బోస్టన్ వైపు వెళ్లారు. రైల్లో పరిచయమైన కేట్ శాన్‌బోర్న్ అనే రచయిత్రి తన పల్లెటూరి ఇంట్లో ఉండమంది. తన వేషాన్ని చూడటానికి వీధిలో జనం మూగుతున్నారనీ, అందువల్ల మామూలు వేళల్లో నల్లని పొడవాటి కోటు వేసుకుని, కాషాయవస్త్రమూ తలపాగా ఉపన్యాసాలకే ఉంచుకోవాలనుకుంటున్నాననీ, ఆ ఇంట్లో ఉండటం వల్ల రోజు ఖర్చు మిగులుతున్నదనీ ఆయన మద్రాసులోని శిష్యుడు అళసింగ పెరుమాళ్‌కు రాశారు. ఆ పరిచయాల ద్వారానే హార్వర్డ్ ఆచార్యుడు రైట్ తటస్థపడి, మహాసభకు సిఫారసు లేఖ ఇచ్చారు. సెప్టెంబరు 11 ప్రసంగాన్ని మనం ప్రతి ఏడూ తలుచుకుంటాం. ఆ ఆగస్టు నెలను కూడా తలుచుకోవాలని నా మనవి, ఎందుకంటే ఆ దేశపు ఇళ్లూ, మాటలూ, మనుషుల తీరూ ఆయన దగ్గరగా చూసింది ఆ నెలలోనే. 1965 సెప్టెంబరులో 69 ఏళ్ల వయసులో జలదూత అనే సరుకు ఓడలో, దారిలో గుండెనొప్పి అనుభవించి, నలభై రూపాయలతో అమెరికా చేరిన ఇస్కాన్ స్థాపకులు భక్తివేదాంత ప్రభుపాదులు కూడా న్యూయార్క్‌లో పని మొదలుపెట్టడానికి ముందు దాదాపు నెల రోజులు పెన్సిల్వేనియాలోని బట్లర్ అనే చిన్న పట్టణంలో, స్వదేశంలో పరిచయమున్న కుటుంబానికి చెందిన యువదంపతుల ఆతిథ్యంలో గడిపారు.

ఇక నివేదికల సంగతి. కల్చర్ షాక్ (కొత్త సంస్కృతిలో పడ్డ మనిషికి కలిగే కలవరం) అన్న మాటను జనంలోకి తెచ్చిన మానవశాస్త్రవేత్త కాలెర్వో ఓబెర్గ్ వివరణ 1960లో అచ్చయింది మిషనరీలు ఎక్కువగా చదివే పత్రికలోనే. ఆయన చెప్పినదాని ప్రకారం మొదట వచ్చేది మోజు: అంతా కొత్తగా, అందంగా, అందరూ మంచివాళ్లుగా కనిపించే దశ. మాటిమాటికీ చేతులు కడుక్కోవడం, తాగేనీటి గురించి అతిగా భయపడటం, చిన్న ఆలస్యానికే మండిపడటం, ఇంటికి పోవాలన్న ఆరాటం, ఇవన్నీ ఆ మోజు తీరాక వస్తాయి. కాబట్టి తొలి వారాల్లో వచ్చే ఉత్సాహభరితమైన ఉత్తరాన్ని చూసి దాతలు మురిసిపోవడం తొందరపాటు. రెండో నెలలో వచ్చే మౌనాన్ని చూసి నిష్ఠూరపడటం అంతకన్నా అన్యాయం. అయినా సంస్థలు తొలి నెలలోనే ఫొటోలు అడుగుతాయి, ఎంతమందిని కలిశావని అడుగుతాయి. పేరైనా సరిగా పలకడం రాని మనుషుల పక్కన నిలబడి ఫొటో దిగి పంపవలసి రావడం ఆ మిషనరీకీ మంచిది కాదు, ఆ మనుషులకూ మర్యాద కాదు.

సెల్‌ఫోన్ ఈ కష్టాన్ని తగ్గించిందని చాలామంది అంటారు. కొంత నిజమే, తల్లిదండ్రుల గొంతు వినడం ధైర్యాన్నిస్తుంది. అయితే రాత్రి పొద్దుపోయేదాకా ఇంటివాళ్లతో వీడియోలో మాట్లాడి, ఉదయం మగతగా లేచే మిషనరీ ఒంటరితనం భరించలేక పొరుగింటి తలుపు తట్టే అవసరాన్ని కోల్పోతాడు. వారానికి ఒక రోజు నిర్ణయించుకుని మాట్లాడుకోమని నేను తరగతుల్లో చెబుతాను. తల్లులకు కోపం వస్తుంది, అయినా చెబుతాను.

నా అభిప్రాయానికి బలమైన అభ్యంతరం ఒకటుంది. వచ్చినవాడు డాక్టరైతే, గుమ్మంలో రోగులుంటే, నేర్చుకున్నాక రమ్మని చెప్పగలమా? 1913లో మిషనరీ డాక్టరు ఆల్బర్ట్ ష్వైట్జర్ ఆఫ్రికాలోని లాంబరెనె చేరేసరికి, కలప వ్యాపారంలో కూలి ఎక్కువ కావడంతో మనుషులు దొరక్క, కట్టిస్తామన్న ఆసుపత్రి గది లేవనేలేదు. రోగులు మాత్రం వచ్చేశారు. ఆయన పాత కోళ్లగూడునే వైద్యశాలగా మార్చుకున్నారు. అటువంటి చోట ఆగమనడం తగదని ఒప్పుకుంటాను. కాని అక్కడా ఆయన్ని నిలబెట్టింది స్థానికుడే. అంతకుముందు వంటవాడిగా పనిచేసిన జోసెఫ్ దుబాసీగా కుదిరి, రోగి నొప్పిని మాంసం ముక్కల పేర్లతో వివరించేవాడు, డాక్టరు అర్థం చేసుకునేవాడు. డాక్టర్లు కానివారి విషయంలో ఇంత అత్యవసరం ఏదీ నాకు కనిపించలేదు.

కొత్తగా ఏదో కనిపెట్టమని సంస్థలను కోరడం లేదు. భాషాబోధనలో పేరుపొందిన అమెరికన్ దంపతులు థామస్, ఎలిజబెత్ బ్రూస్టర్‌లు దశాబ్దాల కిందటే దారి చూపారు: మొదటి రోజు నుంచే స్థానిక కుటుంబంతో ఉండాలి, వెంట తెచ్చుకునే సామాను 20 కిలోలు మించకూడదు, సొంత వాహనం కాక అందరూ ఎక్కే బండ్లే ఎక్కాలి, భాషను మనుషుల మధ్యనే నేర్చుకోవాలి. థామస్ చక్రాల కుర్చీలో తిరిగిన మనిషి కనుక, ఇది ఒంట్లో శక్తి ఉన్న యువకులకే సాధ్యమన్న మాట నిలవదు. పిల్లలున్నవారికి ఇందులో సడలింపు అవసరమని మాత్రం నేను అనుకుంటాను. డొరొతీని తలుచుకున్న తర్వాత మరీను.

సంస్థలు పంపే నివేదిక పత్రాన్ని మార్చడంతో మొదలుపెట్టవచ్చు. మొదటి మూడు నెలలకు అందులో మూడు ప్రశ్నలే ఉండాలి: ఎవరి ఇంట్లో ఉంటున్నారు, భాష నేర్పుతున్నది ఎవరు, మీ భార్య లేదా భర్తకు మాట్లాడే స్నేహితులు దొరికారా. మూడో ప్రశ్నకు జవాబు ఆ భార్యో భర్తో స్వయంగా రాయాలి.

ఇట్లు,
మీ పాఠకుడు