నా కనెక్షన్ నా పేరు మీదకి మార్చండి, ఈసారి నేను చెప్పేది పూర్తిగా విన్నాక

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. నేను మీ ఇంటర్నెట్ ఖాతాదారుని, అంటే మీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లేంతవరకు ఖాతాదారుని. ఇల్లు మారుతున్నాం కాబట్టి చిరునామా మార్పించుకుందామని వెళ్లాను. బయటికి వచ్చేసరికి చిరునామా పాతదే ఉంది, పేరు మాత్రం మా తమ్ముడిది అయిపోయింది. సిస్టమ్‌లో ఏదో పొరపాటు జరిగిందని మీవాళ్లు అంటున్నారు. సిస్టమ్ దానంతటది ఏమీ చేయలేదు, ఎదురుగా కూర్చుని చూసినదాన్ని నేను.

నాకు పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ ఉంది, అంటే మెదడులో లోపం వల్ల కండరాలు నా మాట సరిగ్గా వినవు. మాట వస్తుంది కానీ ఇంట్లోవాళ్లకి తప్ప అర్థం కాదు, అందుకని బయట టాబ్లెట్‌తో మాట్లాడతాను. ఒక్క వేలితో టైప్ చేస్తే అది పైకి చదివి వినిపిస్తుంది. చెవులు మాత్రం శుభ్రంగా పనిచేస్తాయి కాబట్టి మీ కౌంటర్‌లో ఆవిడ అంత గట్టిగా అరవక్కర్లేదు, "ఏం కావాలి బంగారం" అని బుజ్జగించడం అసలే అక్కర్లేదు, ఆవిడకంటే నేనే పెద్దదాన్ని అయ్యుంటాను. ఆ రెండు ముక్కలూ అయ్యాక ఇక నా వైపు చూడలేదు. "ఈమెకేం కావాలంటండీ?" అని తమ్ముడిని అడిగారు. వాడు "అక్కనే అడగండి, చెప్తుంది" అన్నాడు.

నేను టైప్ చేయాలనుకున్నది ఇది: కొత్త ఇంటి అద్దె కాగితాలు తమ్ముడి పేరు మీద ఉన్నాయి, కనెక్షన్ మాత్రం నా పేరు మీదే ఉంచి చిరునామా మార్చండి. "తమ్ముడి పేరు మీద" దాకా వచ్చానో లేదో ఆవిడ కౌంటర్ మీదుగా వంగి, టాబ్లెట్ తన వైపు తిప్పుకుని చదివి, "ఓ, తమ్ముడి పేరు మీదకి మార్చాలా, ముందే చెప్పొచ్చుగా" అన్నారు. నేను చేస్తున్నది ఆ చెప్పడమే. మన వాక్యంలో అసలు సంగతి చివర్లోనే కదా వచ్చేది, చెయ్యమన్నామో వద్దన్నామో ఆఖరి మాట వినేదాకా తెలియదు, అలాంటిది సగంలో లాక్కుంటే ఇదే జరుగుతుంది. టాబ్లెట్ ఆవిడ చేతిలో ఉంది కాబట్టి వద్దనడానికి కూడా నాకు దారి లేకపోయింది. మీరు మాట్లాడుతుంటే ఎవరో వచ్చి మీ నోరు చేత్తో మూసినట్టు అనుకోండి. తమ్ముడు "కాదండీ, ఇంకా చెప్తోంది" అంటున్నా "అయిపోయింది సార్, మీకు మెసేజ్ వస్తుంది" అన్నారు. వాడి గుర్తింపు కార్డు అప్పటికే ఆవిడ దగ్గరుంది, చిరునామా కాగితాలకి అవసరమని ఇచ్చాడు.

ఇది సరిచేయించుకుందామని మీ కాల్ సెంటర్‌కి ఫోన్ చేస్తే అక్కడ ఇంకో కథ. నాకు సమయం పడుతుంది కాబట్టి మొదటి వాక్యం ముందే టైప్ చేసి పెట్టుకుంటాను: "నేను టాబ్లెట్ ద్వారా మాట్లాడుతున్నాను, ఇది రికార్డింగ్ కాదు, దయచేసి ఫోన్ పెట్టేయకండి." అది విని కూడా పెట్టేశారు, యంత్రం గొంతు అంటే ప్రకటనే అని నిశ్చయించుకున్నట్టున్నారు. ఒకాయన పాపం ఆగాడు, ప్రశ్న అడిగాడు, నేను జవాబు టైప్ చేస్తుంటే "హలో, హలో, వినిపిస్తోందా" అంటూనే ఉన్నాడు, ఈలోపు "మీ నుంచి ఎలాంటి సమాధానం రాలేదు, ధన్యవాదాలు" అని కాల్ దానంతటదే కట్టయింది. చివరికి ఎలాగో పట్టుకుంటే చెప్పిన మాట ఏమిటంటే, ఖాతా తమ్ముడి పేరు మీద ఉంది కాబట్టి నాతో మాట్లాడటం కుదరదట!

మామూలుగా మాట్లాడేవాళ్లు నిమిషానికి సుమారు 150 మాటలు అనేస్తారు. మాలాంటివాళ్లలో చాలామందికి 15 మాటలు కూడా పడవు. భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్‌కి 1985లో గొంతు ఆపరేషన్‌తో మాట పోయింది, తర్వాత కొన్నేళ్లు చేత్తో స్విచ్ నొక్కి, చెయ్యి సహకరించడం మానేశాక చెంప కండరం కదిలించి మాటలు ఎంచుకునేవాడు, ఒక దశలో ఒక్కో మాటకి ఒక్కో నిమిషం దాకా పట్టేది. ఆయన కోసం మాత్రం లోకమంతా ఎదురుచూసింది. నాకు నోబెల్ స్థాయి విషయాలేమీ లేవు (ఆయనకీ నోబెల్ రాలేదనుకోండి), చిరునామా మార్చండి అని చెప్పాలంతే.

ఇంకో మాట, మేమంతా ఒకేలా ఉండం. కొందరు అక్షరాల బోర్డు మీద వేలితో చూపిస్తారు, కొందరు కంటి చూపుతో తెర మీద ఎంచుకుంటారు, కొందరికి అవును అంటే కళ్లు పైకెత్తడమే. నా స్నేహితురాలు ఒకామె, మొదటి అక్షరాలు చూపించగానే మిగతాది మీరే ఊహించి చెప్పండి అంటుంది, ఆమెకి అలసట తగ్గుతుంది. నాకు అది నచ్చదు. ఎవరికి ఎలా కావాలో మొదట్లోనే ఒక్కసారి అడిగితే సరిపోతుంది. అర్థం కాకపోతే "అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అనండి, నేనేమీ అనుకోను, అర్థమైనట్టు తలూపి పని పాడుచేస్తేనే ఒళ్లు మండుతుంది. టాబ్లెట్ మాత్రం అడగకుండా ముట్టుకోవద్దు, తెరలోకి తొంగి చూడొద్దు, అందులో నేను ఇంకా అనని మాటలు ఉంటాయి.

ఇది మీ దయ అని కూడా అడగట్లేదు. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం ఇలాంటి సాధనాలతో మాట్లాడటాన్నీ సంభాషణ కిందే లెక్కేసింది, ప్రజలకు సేవలందించే ప్రైవేటు సంస్థలు కూడా మాకు వీలయ్యే పద్ధతిలో సేవలిచ్చేలా ప్రభుత్వాలు వాటిని కోరాలని 21వ అధికరణంలో రాసింది.

కాబట్టి ముందు కనెక్షన్ నా పేరు మీదకి తెచ్చి, చిరునామా మార్చండి, దాని కోసం నన్ను మళ్లీ అదే కౌంటర్‌కి రమ్మనకండి. నా ఖాతాలో "ఈ కస్టమర్ టాబ్లెట్‌తో మాట్లాడతారు, ఆగండి" అని రాసిపెట్టి, నా కాల్స్‌కి ఆ దానంతటదే కట్టయ్యే ఏర్పాటు తీసేయండి. ఫోన్‌లో గొంతుతోనే చెప్పాలి అనే చోటల్లా చాట్, మెయిల్ కూడా ఒప్పుకోండి. మీ సిబ్బందికి శిక్షణ ఇస్తామంటే సంతోషం, అయితే మాలాంటివాళ్లనే పిలిచి, ఆ పనికి డబ్బులిచ్చి చెప్పించుకోండి, వీడియో చూపించి చేతులు దులుపుకోకండి.

జవాబు మెయిల్‌లో నాకే పంపండి. తమ్ముడి నంబరుకి చేస్తే లాభం లేదు, మీ ఫోన్ వస్తే ఎత్తొద్దని వాడికి చెప్పేశాను.

ఇట్లు,
మీ ఖాతాదారు