తుపాకీ ఎంత తన్నుతుందో కాలిబర్ ఒక్కటే చెప్పదు

సంపాదకులకు,

కాలిబర్ (గుండు వ్యాసం) అంకె పెద్దదైతే తుపాకీ గట్టిగా తన్నుతుందన్న, అంటే పేలినప్పుడు చేతిని వెనక్కి కొడుతుందన్న, లెక్కనే పట్టుకుని మీ పత్రిక చేతి తుపాకులను పోల్చింది. అది సగం నిజమే.

9 ఎంఎం పారబెల్లం తూటాలో ముందుకు దూసుకెళ్లే గుండు సుమారు 7.5 గ్రాములు, వేగం సెకనుకు 360 మీటర్లు. .45 ఏసీపీ గుండు 14.9 గ్రాములు. బరువు దాదాపు రెట్టింపే కానీ వేగం 255 మీటర్లే. ఇక తుపాకుల బరువు చూడండి. 9 ఎంఎం పేల్చే గ్లాక్ 17 ఖాళీగా సుమారు 630 గ్రాములు, .45 పేల్చే ఎం1911 ఇంచుమించు 1,100. తూటాలోని మందు కాలి వెలువడే వాయువుల వాటా పక్కనపెట్టి లెక్కేస్తే గ్లాక్ సెకనుకు 4.3 మీటర్ల వేగంతో, 1911 సుమారు 3.5 మీటర్ల వేగంతో వెనక్కి వస్తాయి. నెమ్మదిగా వచ్చేది పెద్ద గుండు తుపాకీయే! అందుకే 1911 చేతిని నెట్టినట్టు ఉంటుంది, తేలికైన 9 ఎంఎం చటుక్కున కుదుపుతుంది.

యంత్రం తీరు కూడా లెక్కలోకి రావాలి. .380 తూటా 9 ఎంఎం కన్నా బలహీనం. అయినా వాల్తర్ పీపీకే అనే చిన్న పిస్టల్‌లో అది కటువుగా తగులుతుంది. అందులో బ్యారెల్ (గుండు వెళ్లే గొట్టం) కదలదు, స్లయిడ్‌కు (వెనక్కి జరిగే పై భాగానికి) బ్యారెల్‌తో లాక్ లేదు. తూటా పేలగానే స్లయిడ్ వెనక్కి బయల్దేరుతుంది, దాన్ని ఆపేవి దాని సొంత బరువూ, స్ప్రింగే. గ్లాక్, 1911ల్లో ఉండే బ్రౌనింగ్ పద్ధతిలో బ్యారెల్, స్లయిడ్ కొంతదూరం కలిసి జరుగుతాయి. ఆ తర్వాతే బ్యారెల్ వెనుక కొస కిందికి వాలి విడిపోతుంది. దాంతో దెబ్బ పరుచుకుంటుంది. పీపీకేను మరీ పైకి పట్టుకుంటే స్లయిడ్ బొటనవేలి మొదట్లోని చర్మాన్ని కోస్తుంది కూడా.

రివాల్వర్‌లో బ్యారెల్ చేతికి బాగా పైన ఉంటుంది కాబట్టి మూతి పైకి లేస్తుంది. 340 గ్రాముల తేలికపాటి రివాల్వర్‌లో .357 మాగ్నం పేలిస్తే అరచేయి మండుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి. ఆ కుదుపుకు సిలిండర్‌లో (తూటాలు ఉండే తిరిగే చక్రంలో) మిగిలిన తూటాల గుండ్లు కేసుల్లోంచి (లోహపు తొడుగుల్లోంచి) ముందుకు జారి, సిలిండర్ తిరగకుండా అడ్డుపడవచ్చు. చియాపా రైనో అనే రివాల్వర్ మాత్రం సిలిండర్ అడుగు గదిలోని తూటాను పేలుస్తుంది. బ్యారెల్ చేతికి దగ్గరగా ఉండటంతో మూతి తక్కువ లేస్తుంది. చూడ్డానికి వింతగా ఉన్నా, ఆలోచన మంచిదే.

పిస్టల్‌ను మణికట్టు వదులుగా పట్టినా చిక్కే. ఫ్రేమ్ (చేత్తో పట్టుకునే కింది భాగం) కూడా స్లయిడ్‌తో పాటే వెనక్కి పోతే, స్లయిడ్ పూర్తిగా తెరుచుకోక ఖాళీ కేసు నిలువునా ఇరుక్కుంటుంది. అప్పుడు తుపాకీని నిందించి లాభం లేదు.

రేంజిలో పోల్చేవారు తేలిక తూటా నుంచి బరువైనదానికి వెళ్లాలి. ఒక్కో తుపాకీతో అయిదేసి గుళ్లు, మధ్యలో విరామం, మేగజీన్‌లోనూ ప్రతిసారీ అన్నే తూటాలు. చెవులకు ప్లగ్, మఫ్ రెండూ ఉండాలి, ఎందుకంటే పొట్టి బ్యారెల్ మోతనే చాలామంది తన్ను అనుకుంటారు. మరొకరి చేత అక్కడక్కడ డమ్మీ (పేలని నకిలీ) తూటా కలిపించండి. పేలనప్పుడు మూతి కిందికి వంగిందంటే, ఆ తప్పు కాల్చేవారి ఉలికిపాటుది. నిజమైన తూటాయే పేలకపోతే మాత్రం, మూతిని లక్ష్యం వైపే ఉంచి 30 సెకన్లు ఆగాలి.

ఇకముందు ఇలాంటి పోలికలు వేసేటప్పుడు తుపాకీ బరువు, గుండు బరువు, బ్యారెల్ పొడవు కూడా అచ్చువేయమని మనవి.

- ఒక పాఠకుడు